లోపలిదానికి ఒక పిడికెడు

మా చెల్లెలి మనవరాలు ఈ ఏడు నర్సింగులో చేరింది. మొన్న సెలవుకు వచ్చి, నా మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మీ కాలంలో యంత్రాలు లేవు, మందులు అంతంతమాత్రం, మరి మీరు ఏం పని చేసేవాళ్ళని అడిగింది. వారం వారం అంగడికి పోయి కూరగాయలు కొనేదాన్ని అన్నాను. పడీ పడీ నవ్వింది. నేను నిజమే చెప్పాను. ఆ నిజం సంగతేమిటో దానికీ, దానితో చదివే పిల్లలకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

నేను ఏ ఏడు ఏ గ్రేడుకు ఎక్కానో, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో ఇందులో ఉండదు. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. సర్కారు చదువు చదివిన మంత్రసానిని నేను. జనం నర్సమ్మ అనేవారు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం అదే పని చేశాను. ఒక్క ఊరు, ఒక్క అంగడి, ఒక్క కాన్పు గురించి మాత్రం చెప్తాను. మిగతా పనంతా అక్కడ నేర్చుకున్నదాంతోనే నడిచింది.

వంకాయలు తెమ్మన్న డాక్టరు

పందొమ్మిదివందల యాభైల చివర్లో నన్ను మోత్కూర్ దిక్కున ఒక చిన్న ఊరి దవాఖానలో వేశారు. పాలమూరు పిల్లను, హైదరాబాదులో ట్రైనింగు అయినదాన్ని. తెల్లచీర, చేతికి గడియారం, మాటకు ముందు కోపం. అంతకుముందు కొన్నాళ్ళు మర్రిగూడ వైపు ఉన్నాను. అక్కడ నడుములు వంగిపోయి, మోకాళ్ళు బిగుసుకుపోయిన ఆడవాళ్ళకు పాలు తాగండమ్మా, పండ్లు తినండమ్మా అని చెప్పి వచ్చేదాన్ని. వాళ్ళు తలలూపేవారు. వాళ్ళు తాగే నీళ్ళలోనే ఉంది రోగమని మాలాంటి చిన్న నౌకర్లకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వాళ్ళింట్లో ఏం వండుతారో, ఏ బావి నీళ్ళు తాగుతారో చూడకుండా ఏం తినాలో చెప్పడం ఎంత దండగ పనో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొత్త ఊళ్ళో బుధవారం అంగడి. ఆ రోజు దవాఖాన బల్లల మీద ఈగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. చుట్టుపక్కల పల్లెల జనమంతా మా గోడ పక్కనుంచే అంగడికి పోయేవారు, లోపలికి తొంగి కూడా చూసేవారు కాదు. మా డాక్టరు సాబ్ హైదరాబాదు మనిషి, ఒంటిగాడు, నాలుక రుచి ఎక్కువ. ఒక బుధవారం నన్ను పిలిచి, ఇయాల రోగులెవ్వరూ రారు, ఉత్తగ కూర్చునే బదులు జర అంగడికి పోయి నాకు లేత వంకాయలు తెచ్చిపెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువు చదివి వంకాయలు మొయ్యాలా అనుకుంటూనే సంచి పట్టుకుని పోయాను.

ఆయన గురించి ఉన్నమాట చెప్పాలి. బద్ధకస్తుడు. పల్లెకు రమ్మంటే జీపు లేదనేవాడు. కానీ కష్టమైన కాన్పు వస్తే అన్నం ముందు నుంచి లేచి వచ్చేవాడు, చేతులు మాత్రం బంగారం. మీకు ఇలాంటి పైవాళ్ళు చాలామంది దొరుకుతారు. బద్ధకాన్ని తిట్టుకోండి, చేతుల దగ్గర పని నేర్చుకోండి.

కొసరు

అంగడి గురించి తెలియని పిల్లలకు కాస్త చెప్పాలి. రాస్తా పొడుగునా గోనెపట్టాలు పరిచి కూర్చునేవారు. ఒక వరుస కూరలు, ఒక వరుస కుండలు, చివర ఎండుచేపలు, ఆ వెనక మేకలు. జొన్నలూ పెసర్లూ మానికలతో, సోలలతో కొలిచేవారు. కిలోల రాళ్ళు అప్పుడప్పుడే వస్తున్నాయి, వాటిని ఎవరూ నమ్మేవారు కాదు. ఆకుకూరలు మాత్రం పిడికిలితోనే ఇచ్చేవారు.

కొసరు లేకుండా ఎవరూ కదిలేవారు కాదు. బేరమంతా అయ్యాక, పైన ఇంకొంచెం వెయ్యమని దెబ్బలాడి మరీ తీసుకునేవారు. నాకు అది చేతనయ్యేది కాదు. బుచ్చవ్వ దగ్గర ముదురు వంకాయలు అడిగిన ధరకే కొని, కొసరు అడగకుండా లేచాను. బుచ్చవ్వ ముసలామె, పుంటికూర, అదే గోంగూర, చింతకాయలు, ఇంటి వెనక పండే వంకాయలు అమ్మేది. నన్ను వెనక్కి పిలిచి, నువ్వు అడగకపోతే నాకు అమ్మినట్టు ఉండదని కోప్పడి నాలుగు మిరపకాయలు సంచిలో పడేసింది. ఆ వంకాయలు చూసి డాక్టరు సాబ్ మొహం మాడ్చుకున్నాడు. అయినా మళ్ళీ బుధవారం నన్నే పంపాడు.

అలా నాలుగైదు వారాలు తిరిగేసరికి ఒక సంగతి కంటపడింది. కొందరు ఆడవాళ్ళు వస్తే బుచ్చవ్వ మామూలు కొసరు వేశాక, ఇంకో పిడికెడు తీసి కొంగులో పోసేది. "గిది లోపలిదానికి" అనేది. కడుపుతో ఉన్నామె దగ్గర పిడికిలి బిగపడితే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని ఆ అంగడిలో అందరి నమ్మకం. బెల్లం అమ్మేవాడూ ఒక ముక్క విరిచిచ్చేవాడు, పల్లికాయలామె ఒక గుప్పెడు పోసేది.

నేను నెలల తరబడి గడప గడపకూ తిరిగి, మీ ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకున్నారా అని అడిగితే తలుపు దగ్గరికేసుకునేవారు. ఇక్కడ ఒక్క పూటలో, ఒక్క గోనెపట్టా ముందు అందరూ తెలిసిపోతున్నారు. ఆనాటి నుంచి డాక్టరు సాబ్ వంకాయలు నాకు సాకు అయ్యాయి. రెండో పిడికెడు పడిన ఆడమనిషి బుట్టకు ఒక చెయ్యి వేసి, మాట కలిపి నడిచేదాన్ని. కుండల వరుస వెనక నీడలో కనురెప్ప కిందికి లాగి రక్తం ఉందో లేదో చూసేదాన్ని, పాదాల వాపు నొక్కి చూసేదాన్ని. దవాఖానకు రానివాళ్ళు కుండల వెనకకు మాత్రం వచ్చేవారు. నా అసలు డ్యూటీ అక్కడే జరిగింది.

కొసరు వద్దన్న మనిషి

యాదమ్మ పక్క పల్లె పిల్ల. వాళ్ళకు కొంచెం జొన్న చేను, ఆముదాలు, రెండు బర్రెలు. బుధవారం బుధవారం సల్ల కుండ, అంటే మజ్జిగ కుండ, నెత్తిన పెట్టుకుని వచ్చి మా వీధిలో ఇల్లిల్లూ పోసేది. ఆ తర్వాత అంగడి చేసుకుని పోయేది. కొసరు కోసం దెబ్బలాడడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, బుచ్చవ్వ ఆమెను చూస్తేనే నవ్వేది.

దసరా పోయిన తరువాత ఒక బుధవారం, బుచ్చవ్వ కొసరు తియ్యబోతుంటే యాదమ్మ కొంగు వెనక్కి లాక్కుంది. వద్దవ్వా అని లేచి గబగబా వెళ్ళిపోయింది. బుచ్చవ్వ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. ఇంట్లో ఏదో కొట్లాటై ఉంటుందనుకుంది. నాకు మాత్రం మరోటి తోచి వెనకాలే పోయాను. కుండల వెనక పట్టుకుని కనురెప్ప లాగి చూస్తే తెల్లగా సున్నంలా ఉంది. మూడో నెల. చీకటి పడితే కళ్ళు కనిపించడం లేదని కూడా చెప్పింది.

అంతకుముందు రెండు పోయాయి ఆమెకు. ఒకటి నెలలు నిండాక ఊపిరి లేకుండా పుట్టింది, ఒకటి నాలుగో నెలలోనే జారిపోయింది. రెండుసార్లూ అంగడి అంతటికీ తెలుసు, అందరూ రెండో పిడికెడు పోశారు. ఆ పిడికిళ్ళతోపాటు కళ్ళూ పడ్డాయని వాళ్ళ అత్త ఈరమ్మ తేల్చేసింది. ఈసారి కాన్పయ్యేదాకా ఎవరికీ తెలియకూడదని కట్టడి. పుల్లటిది కొంటే తెలుస్తుంది, బెల్లం కొంటే తెలుస్తుంది, దవాఖాన మెట్టెక్కితే ఊరంతా తెలుస్తుంది. కాబట్టి జొన్న గట్క, పచ్చిపులుసు తినే కాలం గడుపుతోంది.

"నర్సమ్మా, నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు" అంది. "రెండు పోయినయ్. గిదొక్కటన్న నిలవనీ."

దిష్టి లేదు, ఏమీ లేదు, నీకు రక్తం లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. మర్రిగూడ ఆడవాళ్ళు తలలూపడం గుర్తొచ్చి మూసుకున్నాను. ఆమె భయం నేను తీర్చలేను. ఆ భయం లోపలే ఆమెకు తిండి చేర్చాలి. వచ్చే బుధవారం సల్ల మా ఇంట్లో ఆఖరున పొయ్యమన్నాను. కుండ ఖాళీగా పోవద్దన్నాను.

నా సంచిలో పడిన పిడికెడు

ఆనాటి నుంచి నేను ఇద్దరికి అంగడి చేశాను. డాక్టరు సాబ్‌కు వంకాయలు. యాదమ్మకు పుంటికూర, గంగవాయిలి కూర, నువ్వులు, బెల్లం, కోడిగుడ్లు, దొరికిన రోజు మేక కార్జం. ఆమె మనసు పడినందుకు చింతకాయలు. సల్ల పోసి, కడిగిన కుండలో అవన్నీ సర్దుకుని, పైన చుట్టకుదురు బట్ట కప్పి పోయేది. కార్జం మాత్రం మా పొయ్యి మీదే వేయించి కూర్చోబెట్టి తినిపించేదాన్ని.

మూడో వారమో నాలుగో వారమో, బుచ్చవ్వ నా సంచిలో చింతకాయలు పోసి, కొసరు వేసి, ఆగి నా మొహంలోకి చూసింది. ఇంకో పిడికెడు తీసింది.

"గిది లోపలిదానికి" అంది, మెల్లగా, పక్కవాళ్ళకు వినపడకుండా.

నాకు పెళ్ళయి చాలా ఏళ్ళు. పిల్లలు లేరు. ఊరందరి కాన్పులూ చేసే నర్సమ్మకు పిల్లలు లేరని ఆ అంగడికి తెలుసు. ఉన్నట్టుండి ఆమె చింతకాయలు కొంటోంది, నువ్వులు కొంటోంది, బెల్లం కొంటోంది. వాళ్ళు ఏమనుకుంటారు మరి?

కాదవ్వా అని చెప్పవచ్చు. చెబితే, మరి ఎవరికని అడుగుతారు. బుధవారం మా ఇంటి మెట్లు దిగే సల్ల కుండను పట్టడం ఎంతసేపు? యాదమ్మ మళ్ళీ రాదు. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించాను, నిజమే. ఇంకొకటి కూడా నిజం. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ఎవరూ నాతో ఎన్నడూ అనని మాట. సంచి మూతి ఇంకొంచెం తెరిచి పట్టుకున్నాను.

మా ఆయన బడిపంతులు. వారం తిరక్కుండానే తోటి పంతుళ్ళు ఆయన్ను మిఠాయి అడిగారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నిలబడి నన్ను చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది. దాన్ని తుడిచెయ్యడం నా ఉద్యోగంలో ఏ కాన్పుకన్నా కష్టమైంది. అంతా చెప్పాను. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను అన్నం పెట్టేశాక అన్నాడు:

"అట్లయితే ఇగ సంచి నువ్వు మొయ్యద్దు. నేను మోస్త. లేకపోతే అనుమానపడుతరు."

మళ్ళీ బుధవారం నుంచి బడి విడవగానే వచ్చి, నా వెనకే సంచి పట్టుకుని అంగడంతా తిరిగాడు. జనం ముసిముసి నవ్వులు నవ్వారు. ఆయనకు అసలు పేరు కన్నా అంగడి పంతులు అన్న పేరే ఎక్కువ రోజులు నిలిచింది.

డాక్టరు సాబ్‌ను దాటడం అంత తేలిక కాలేదు. నాకు కుర్చీ వేయించాడు, రక్తానికి గోళీలు తెప్పించాడు, పరీక్షకు రమ్మన్నాడు. తప్పించుకోలేక ఆయనకూ చెప్పాను. మండిపడ్డాడు. రెండు పోగొట్టుకున్న మనిషిని సల్ల కుండల వెనక దాచిపెడతావా, ఇప్పుడే ఆ ఇంటికి పోయి అత్తకు గడ్డిపెట్టి పిల్లను తీసుకొస్తానన్నాడు. ఆ కాన్పు దవాఖానలోనే కావాలన్న మాటలో ఆయనది నూటికి నూరుపాళ్ళూ న్యాయం. పద్ధతే తప్పు. ఆయన అడుగు ఆ ఇంట్లో పడితే వాళ్ళు పిల్లను ఇంకో ఊరికి పంపేస్తారు. కాన్పుకు తప్పక వస్తుంది, నాది జిమ్మా, నా పూచీ అన్నాను. గొణుక్కుంటూ గోళీలు నా పేరు మీదే ఇస్తూ పోయాడు.

ఈరమ్మ తీసిన దిష్టి

ఎండలు మొదలయ్యేసరికి, కడుపు కొంగు కింద దాగడం లేదని యాదమ్మ రావడం మానేసింది. ఆ బుధవారం సల్ల కుండతో వాళ్ళ అత్త ఈరమ్మ వచ్చింది. అంతా బయటపడిందనుకున్నాను. సల్ల పోసింది, కుండ కడిగింది, కడిగిన కుండ నా ముందు పెట్టి కదలకుండా కూర్చుంది.

"పెట్టు బిడ్డా" అంది. "నాకు మొదటి దినమే ఎరుక."

కొంగు ముడి విప్పి గల్లుప్పు, ఎండు మిరపకాయలు తీసింది. నేను అడగకముందే చెప్పింది. అంగడి కళ్ళన్నీ మా కోడలి మీద పడకుండా నీ మీద పడుతున్నాయి, నీకేమన్నా అయితే నా మొహం ఏడ దాచుకోవాలె అంది. అప్పటిదాకా బుధవారం బుధవారం తన ఇంటి నుంచే మా ఊరి దిక్కు తిరిగి నాకు దిష్టి తీస్తోందట. ఇవాళ మనిషి ఎదురుగా దొరికింది.

నేను దిష్టిని నమ్మను, అప్పుడూ నమ్మలేదు. ఐనా తూర్పు మొహం పెట్టి కూర్చున్నాను. చుట్టూ తిప్పి మా పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. నాకు గొంతులో దగ్గు పొడుచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకున్నాను. చూసినవా, ఎంత ఉండెనో అని ఆమె తృప్తిగా నిట్టూర్చింది.

పోతూ పోతూ నీకేం ఇచ్చుకోవాలె అని అడిగింది. నొప్పులు రాగానే యాదమ్మను దవాఖానకు తెమ్మన్నాను, అంగడి రోజైనా సరే. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

అంగడి రోజే వచ్చాయి నొప్పులు. మా దవాఖానకు దారి అంగడి మధ్యనుంచే. పట్టపగలు, బండిలో యాదమ్మ, పక్కన ఈరమ్మ, ఎడ్లను కొడుతూ మొగుడు. ఏ కళ్ళకు జడిసి ఇన్ని నెలలు దాచుకున్నారో ఆ కళ్ళ ముందునుంచే వచ్చారు. జనం గోనెపట్టాలు గుంజుకుని, బుట్టలు జరిపి దారి ఇచ్చారు.

బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. డాక్టరు సాబ్ చేతులు చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. బయటికొచ్చిన పిల్ల నీలంగా ఉంది, కదలలేదు. వీపు రుద్దాను, నోరు తుడిచి ఊపిరి ఊదాను, ఇంకా రుద్దాను. యాదమ్మ నన్నే చూస్తోంది. అప్పుడు ఏడ్చింది పిల్ల. ఈరమ్మ గడప దగ్గర కూలబడి, ఏడ్సింది సాలు, ఏడ్సింది సాలు అని తానూ ఏడ్చింది.

బుచ్చవ్వ ముడుచుకున్న పిడికిలి

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. యాదమ్మ బాలింతగా ఇంట్లో ఉంది. నా కడుపు పెరగకపోవడం అంగడి అంతకుముందే గమనించింది. పాపం నర్సమ్మకు నిలవలేదని అనుకున్నారు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. బుచ్చవ్వ నా మొహం చూడడం మానేసింది, తలొంచుకుని కూర ఇచ్చేది.

ఒక బుధవారం నా ముందు ఒక పిల్ల వచ్చింది, అయిదో నెల ఉంటుంది. బుచ్చవ్వ కొసరు వేసి చెయ్యి ముడుచుకుంది. ఆ పిల్ల కొంగు పట్టుకుని ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. లోపలిదానికి పెట్టలేదేమవ్వా అన్నాను.

"నా చెయ్యి మంచిది కాదు బిడ్డా" అంది. "నీకు పెట్టిన, ఏమాయె?"

ఎన్నేళ్ళ చెయ్యి అది, ఎందరి కొంగుల్లో పోసిన చెయ్యి. నా అబద్ధం దాన్ని మూసేసింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మళ్ళీ బుధవారం యాదమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది, మొదటిసారి. చెయ్యి పట్టుకుని బుచ్చవ్వ ముందుకు తీసుకుపోయాను. నాకు లోపల ఎన్నడూ ఏమీ లేదని చెప్పాను. కొన్నవన్నీ ఎవరి కుండలో పోయాయో చెప్పాను. యాదమ్మ అవునని తలొంచుకుంది. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. మా ఆయన సంచి పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు.

బుచ్చవ్వ చేతిలోని కూర కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను.

"మరి నేను పెట్టిన కొసరంత?" అంది.

యాదమ్మ వంగి పిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది. పుంటికూర మరకలున్న ఆ చేతులు పిల్ల కాళ్ళు తడిమాయి, చెవులు తడిమాయి, అటూ ఇటూ తిప్పి చూశాయి. చెవి కారడం లేదు. ముసలామె నవ్వింది, ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది. పిల్లను తిరిగిచ్చి, పుంటికూర పిడికెడు తీసి నా సంచిలో వేసింది. కొసరు వేసింది. ఆగింది. ఇంకో పిడికెడు తీసింది.

"లోపలిదానికి పెట్టింది గా పిల్లకు పోయింది" అంది. "గిది నీకు బిడ్డా."

ఆ ఊళ్ళో నేను ఉన్నన్నాళ్ళూ బుచ్చవ్వ నాకు ఆ పిడికెడు తప్పించలేదు. ఆ రోజు కూర ఎక్కువైంది. పెద్ద గిన్నె దించి అంతా వండాను. మా ఆయన, నేను ఎదురెదురుగా కూర్చుని కడుపునిండా తిన్నాం.